డోలీ కథలో నా భుజం

మా కొండ మీది నుంచి తారు రోడ్డు దాకా నా భార్యను డోలీలో నేనే మోసుకొచ్చాను. కర్రకు కట్టిన దుప్పటిలో ఆమె నొప్పులు పడుతుంటే, ముందు కొస పట్టింది నేను. భుజం మీద చర్మం లేచిపోయినా కర్ర దించలేదు. అరకు సంతలో ఈ కథ చెప్పి ఊరికే టీలు తాగిన రోజులున్నాయి.

మొన్న మా అమ్మాయికి చెప్పాను. ఆ రోజు పుట్టింది తనే. ఇప్పుడు తనకు నెలలు నిండుతున్నాయి, మా ఊరికి నేటికీ రోడ్డు లేదు. వానలు పడకముందే దిగువకు వెళ్లి ఆసుపత్రి పక్కన గర్భిణుల వసతి గదిలో ఉండమంటే, కోళ్లనెవరు చూస్తారంటుంది. భయపెడదామని కథంతా చెప్పాను.

"మరి భయమేటి నాన్నా? నువ్వున్నావు కదా, మోసేత్తావు," అని నవ్వి నా భుజం నిమిరింది.

ఒళ్లు మండింది. నొప్పులు పడింది వాళ్లమ్మ, జాలి నా భుజానికా? తప్పు నాదే. అంతా నా కళ్లతో చెబితే వినేవాళ్లు నాతోపాటే నడిచారు. దుప్పటిలోకి ఒక్కరూ తొంగిచూడలేదు.

మర్నాడు వాళ్లమ్మనై చెప్పాను: "నొప్పికి కళ్లు తిరుగుతున్నాయి. ఎదురుగా నా మొగుడి వీపు కొండలా కదులుతోంది..."

"నొప్పుల్లో అమ్మ నీ వీపు సూత్తాదా? అమ్మ నోట్లో కూడా నువ్వే కూకున్నావు," అంది అమ్మాయి.

విసుగొచ్చి నిజం చెప్పేశాను. నేను మోసింది మొదటి మలుపు దాకానే.

చోళ్లు చెరుగుతున్న నా భార్య చాట ఆపింది.

"మొదటి మలుపూ నేదు. నా సెప్పులట్టుకుని ఎనకొచ్చినావు. ముందోడికి దారే అగుపడతాది, ఎనక మోసినోడికే నా మొకం. ఆడు మా తమ్ముడు, దారంతా ఏడిసినాడు. నాకైతే ఏటీ అగుపడనేదు. నాను అరిస్తే ఆళ్లు ఆగిపోతారని దుప్పటి కొస నోట్లో కుక్కుకున్నాను."

అమ్మాయి నవ్వలేదు. కడుపు మీద చెయ్యేసుకుని, కోళ్లను పక్కింటివాళ్లకు అప్పగించడానికి లేచింది.

"చూశావా, నా కథ పనిచేసింది," అన్నాను.

"నీ కత కాదు," అంది నా భార్య, మళ్లీ చాట అందుకుంటూ. "నీ కతకైతే అది ఇంకా నవ్వుతానే ఉండును."