బుక్కులో ఉన్న ఫిల్టర్

మా చిన్న ఎస్‌యూవీలో ఏసీ గాలి రావడం లేదని ఈ రోజు నిజామాబాద్‌లో మెకానిక్‌కు చూపించాను. బానెట్ కూడా ఎత్తకుండానే, "గ్యాస్ పోయింది మేడం, మొత్తం విప్పాలె. సార్‌ను పంపుండ్రి, మాట్లాడుత" అన్నాడు.

"బండి నాదే అన్నా. ముందు ఏసీ ఫిల్టర్ చూడు, బండితో ఇచ్చిన బుక్కులో రాసి ఉంది."

"గవన్నీ బుక్కులల్ల ఉంటయ్ మేడం, బండ్లల్ల ఉండయ్."

డాష్‌బోర్డు డబ్బా నేనే విప్పి ఫిల్టర్ బయటికి లాగాను. నిండా పసుపు! పోయిన వారం మా మరిది నందిపేట్ నుంచి మార్కెట్‌కు పసుపు బస్తాలు తెచ్చింది ఈ బండిలోనే. ఆ మెకానిక్ మహానుభావుడు దాన్ని వాసన చూసి, "పసుపు మంచిగున్నది మేడం, ఏ ఊరిది?" అన్నాడు.

అంతకన్నా సిగ్గుచేటు పని నాది. ఆ ఫిల్టర్ చేతిలో పట్టుకొనే, "గ్యాస్ కూడా తక్కువుందేమో అన్నా?" అని మళ్లీ ఆయన్నే అడిగాను. మీరూ ఇంతేనా, నేనొక్కదాన్నేనా?