దైవమాత కునికిపాట్లు

ఊళ్లో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. ప్రార్థనా మందిరంలో గోడంతా నిండిన దైవమాత పటానికి, వయసులో ఉన్నప్పుడు చిత్రకారుడి ఎదుట కూర్చున్నది ఆమే. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆమెతో కాస్త గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఇస్త్రీ కూలి దగ్గర బేరం మాత్రం మానలేదు.

చిత్రకారుడు పోయాక మందిరం పెద్దలు ఆయన చిత్తు బొమ్మలన్నీ ఆ పటం పక్కనే వరసగా తగిలించి, ఆమెకూ కబురు పెట్టారు. ఆ రోజు తన బట్టలు కూడా ఇస్త్రీ చేసుకుని వెళ్లింది.

పటంలో దైవమాత కళ్లు దించుకుని, లోకం బాధంతా మోస్తున్నట్టు ఉంటుంది. చిత్తు బొమ్మల్లో మాత్రం తల పక్కకు వాల్చి, నోరు తెరిచి, ఆదమరిచి నిద్రపోతోంది. ఒకదానిలో కాదు, అన్నిటిలోనూ. ఒకచోట చొంగ కూడా గీశాడు. ఆయన దేన్నీ వదిలే మనిషి కాదు.

ఇస్త్రీ అక్క ముఖం చిన్నబోయింది. తన ముఖంలో ఏదో భక్తి కనబడే పిలిచాడని ఇన్నేళ్లూ అనుకుంది.

చిత్రకారుడి భార్య కూడా వచ్చింది. భర్త గదిలో గంటలకొద్దీ కూర్చున్న ఈ మనిషంటే ఆవిడకు పెళ్లయిన కొత్త నుంచీ అనుమానం. ఏనాడూ మాట కలపలేదు. ఇప్పుడు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, పటాన్ని చూసి, మళ్లీ బొమ్మను చూసింది. చివరిదాకా వెళ్లి ఇస్త్రీ అక్క దగ్గరికి వచ్చింది.

"నిజంగానే నిద్రపోయావా?"

"తెల్లారకముందే లేచి బొగ్గులు రాజేసేదాన్ని అమ్మగారూ. పైగా సారు రంగుల గురించి చెబుతూనే ఉండేవారు."

"నీలం గురించా?"

"ఎక్కువగా నీలమేనండి."

"నాకూ అక్కడే కళ్లు మూతలు పడేవి" అంది ఆవిడ.

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆవిడ తన అనుమానం దాచకుండా చెప్పేసింది. తప్పు చేయాలన్నా మెలకువ ఉండాలి కదండీ అంది ఇస్త్రీ అక్క. ఆవిడ పైకే నవ్వేసింది. పెద్దలు తిరిగి చూశారు.

వాళ్ల ఇబ్బంది వేరు. బొమ్మల కింద 'ధ్యానం' అని రాయిద్దామనుకున్నారు. ఆవిడ వినలేదు. నిద్ర అనే రాయాలని పట్టుబట్టింది. చివరికి 'విశ్రాంతి' దగ్గర రాజీ కుదిరింది.

చిత్తు బొమ్మలన్నీ గోడ మీంచి దించేసిన రోజున ఆవిడ ఒక బొమ్మ తీసుకోమంది. నోరు మూసుకున్నది ఉందేమోనని ఇస్త్రీ అక్క అన్నీ తిరగేసింది. లేదు. మెడ బాగా కుదిరినదాన్ని తీసుకెళ్లి, మంచానికి ఎదురుగా తగిలించుకుంది.