కనపడాల్సిన ఫాల్టు

గనులు జోరుగా నడిచే రోజులవి. సండూరు ఘాట్‌లో ఖనిజం లారీ తోలుతుండగా హొన్నూరుస్వామికి చేతులు వణికి, చెమటలు పట్టాయి. బండి ఎలాగో పక్కకు ఆపాడు. వెనక లారీవాళ్లు నోట్లో ఇంత బెల్లం కుక్కి ఆసుపత్రికి తెచ్చారు.

సుగరు పడిపోయిందని తేలింది. నర్సు రామసుబ్బమ్మ పాత చీటీలు చూసింది. పరీక్షలో ప్రతిసారీ సుగరు ఎక్కువే కనబడిందని డాక్టరు మూడు నెలల్లో మూడుసార్లు మాత్రలు పెంచాడు.

“రక్త పరీక్షకు వచ్చే ముందర మాత్రలు ఏసుకుంటాండావా, అప్పా?”

“లేదమ్మా, రెండు దినాలు నిలిపేస్తా. మెకానిక్కుకు బండి చూపేటప్పుడు ఫాల్టు కనపడాల కదా.”

“ఏసుకుంటాండావా అని ఒక్కరన్నా అడగల్యా?”

“అడగల్యా.”

ఆమెకు ఒళ్లు మండింది. చీటీలు పట్టుకుని డాక్టరు గదికి విసురుగా నడిచింది. గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

మూడుసార్లూ రక్తం తీసింది తనే.