సముద్రం వైపు మూరెడు

ఆ రోజుల్లో వినయం అనే గుణం ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకునేరు, పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. కానీ మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు కలుక్కుమన్నప్పుడల్లా అదంతా పోయిన జన్మలా అనిపిస్తుంది కనుక అలా అనే హక్కు నాకుంది. అప్పట్లో నేను నెల్లూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ (చదువుతూ అన్నది మర్యాద కోసం) కాలేజీ వాలీబాల్ జట్టుకు లిఫ్టర్‌గా ఉండేవాణ్ని. ఆట తెలియనివారికి ఒక్క ముక్కలో చెబుతాను. బంతిని వల దగ్గర గాల్లోకి లేపి ఇచ్చేవాడు లిఫ్టర్, దాన్ని ఎగిరి దబీమని అవతలికి కొట్టేవాడు స్మాషర్. చప్పట్లు స్మాషర్‌కు వస్తాయి. ఆట నడిపేది మాత్రం తామేనని లిఫ్టర్లందరికీ గట్టి నమ్మకం. నాకు ఆ నమ్మకం కాస్త ముదిరింది. నేను లేపిన చోటికి వచ్చి కొట్టడం స్మాషర్ల ధర్మమనీ, కొట్టలేకపోతే అది వాళ్ల ఖర్మ అనీ అనుకునేవాణ్ని. అనుకుని ఊరుకోక పైకి అనేవాణ్ని కూడా.

మాది ఇందుకూరుపేట అవతల సముద్రాన్ని ఆనుకున్న ఊరు. మా కోర్టు చర్చి వెనక ఇసకలో, తూర్పు పడమరలుగా కట్టిన వలతో ఉండేది. సాయంత్రమయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది. ఇక బంతి లేపిన చోట నిలబడదు, పడమటికి కొట్టుకుపోతుంది. అందుకని మా వైపు లిఫ్టర్ అనేవాడు ముందు చిటికెడు ఇసక వదిలి గాలి వాలు చూసుకుని, బంతిని సముద్రం వైపు మూరెడు ఎక్కువగా లేపుతాడు. గాలే దాన్ని తెచ్చి స్మాషర్ చేతికి అందిస్తుంది. ఈ విద్య నాకు నేర్పింది మా బావ, అంటే మా అక్క మొగుడు. రొయ్యల గుంటల మనిషి కనుక ఆయన గాలి చూడకుండా మేత కూడా చల్లడు. ఊరి జట్టులో ఆయన స్మాషర్, మీసాలు రాకముందు నుంచీ ఆయనకు నేనే లిఫ్టర్ని. కాలేజీలో ఆడిందీ ఆరుబయటే, ఆ గాలి అక్కడికీ వచ్చేది. ఒకే ఒక్కసారి నాలుగు గోడల మధ్య ఇండోర్ స్టేడియంలో ఆడి చిత్తుగా ఓడాం. ఆ ఓటమిని నేను నిస్సంకోచంగా మా స్మాషర్ మీదికి తోసేశాను (అతనూ నమ్మాడు, పాపం).

అప్పుడప్పుడే జీతమిచ్చి ఆడించే ప్రొఫెషనల్ లీగ్ ఊపందుకుంటోంది. చెన్నై అవతల శిబిరం పెట్టుకున్న ఒక జట్టువాళ్లు మా కాలేజీ మైదానంలో సెలక్షన్లు జరిపారు. ఆ సాయంత్రం గాలి దంచేసింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లిఫ్టర్ల బంతులన్నీ దారి తప్పి తిరుగుతుంటే, నావి మాత్రం బుద్ధిగా స్మాషర్ల చేతుల్లోకి వెళ్లాయి. నన్ను తీసుకున్నారు. అయితే శిబిరానికి మాత్రమే. అక్కడ లిఫ్టర్లు ముగ్గురుంటారు, చివరికి ఇద్దరినే ఉంచుకుంటారు, మూడోవాడు ఇంటికి పోవాల్సిందే. ఈ ఆఖరి ముక్క మా ఊళ్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. కుర్రాళ్లు సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టేశారు. అందులో నేను రెండు చేతులూ ఎత్తి, తల వెనక్కి వాల్చి, ఆకాశంలోకి చూస్తుంటాను. ఆదివారం ఆరాధనలో పాస్టర్ గారు నన్ను ముందుకు పిలిచి, నెత్తి మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ లేపిన బంతి ఒక్కటైనా వృథాగా నేల రాలకూడదని ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. బస్సెక్కేటప్పుడు బావ మాత్రం ఒక్కటే మాటన్నాడు.

"గాలి చూసుకో అబ్బయా."

పాస్టర్ గారి ప్రార్థన దారిలోనే మర్చిపోయాను గానీ ఈ మాట మర్చిపోలేదు. అదే కొంప ముంచింది.

శిబిరం జరిగేది నాలుగు వైపులా మూసిన పెద్ద హాల్లో. చెక్క నేల, తళతళలాడే దీపాలు, చల్లటి ఏసీ. అడుగు పెట్టగానే నేను చేసిన మొదటి పని, గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ను నాకొచ్చిన అరవంలో సముద్రం ఎటువైపని అడగడం. నేను బీచి చూడ్డానికి వచ్చాననుకుని ఆయన ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ బండి దగ్గర బజ్జీలు బాగుంటాయో అన్నీ చెప్పి, చివర్లో చెయ్యెత్తి దిక్కు చూపించాడు. నాకు కావలసింది అంతే. లోపలికెళ్లి మొదటి బంతిని ఆ దిక్కుకు మూరెడు ఎక్కువగా లేపాను. ఎదురుగా ఉన్నది జట్టులో అందరికంటే పెద్ద స్మాషర్, కడప వైపు మనిషి, పొడుగు చూసి అందరూ టవరన్న అని పిలిచేవారు. ఆయన పరుగెత్తుకొచ్చి, ఎగిరి, ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని ఖాళీ గాలిని కొట్టాడు. బంతి మూరెడు అవతల మెల్లగా నేల మీద పడింది.

మూసిన హాల్లో సముద్రపు గాలి రాదని నాకు తెలియదా అంటే తెలుసు. బుర్రకు తెలుసు, చేతులకు తెలియదు. పదేళ్లుగా అలవాటైన చేతులు నా మాట వినకుండా అటే లేపాయి. రెండో బంతీ అంతే, మూడోదీ అంతే. నా లెక్కలో లిఫ్టర్ తప్పు చెయ్యడు కనుక తప్పు ఇంకెక్కడో ఉండాలి. వెతికాను, దొరికింది. తిన్నగా కోచ్ సార్ దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా, చాలా గంభీరంగా అడిగాను.

"సార్, ఆ ఏసీ కట్టిస్తారా? దాని గాలి బంతిని లాగేస్తా ఉంది."

కోచ్ సార్ తమిళుడు, తెలుగు అర్థమవుతుంది, కోపం తక్కువ. ఆయన మనిషిని పంపి ఏసీ ఆపించేశాడు. అది చెన్నై ఎండాకాలం. ఆ హాల్లో జట్టంతా చెమటలు కక్కుతుంటే నేను నడుం బిగించి బంతి లేపాను. అది మునుపటికంటే చక్కగా, నిక్కచ్చిగా, సముద్రం వైపు మూరెడు అవతల పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఏసీ మళ్లీ వేసిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో సాంబారన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి పోవడం గురించి నాకు బాధ లేదు, ఇల్లు నాకు ఇష్టమే. నా భయమంతా ఆ ఫ్లెక్సీ. బస్సు దిగగానే సెంటర్లో అది ఉంటుంది. దాని కింద నుంచి బ్యాగు మోసుకుంటూ నడవాలి. పాస్టర్ గారికి బంతులన్నీ నేల రాలాయని చెప్పాలి. అమ్మ ఫోన్ చేసి ఎట్టా ఆడతుండావు నాయనా అంటే బ్రహ్మాండం అని అబద్ధమాడాను. అది విని ఆమె ఇంటింటికీ పోయి చెప్పుకుంటుందని తెలిసి ఇంకా కుంగిపోయాను. ఇంతలో టవరన్న కంచం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. తిడతాడనుకుని తల దించుకున్నాను. ఆయన తీరిగ్గా అప్పళం విరుచుకుంటూ, బంతి లేపే ముందు పైన ఏం వెతుకుతావని అడిగాడు. దాచి లాభం లేదని ఇసక, గాలి, బావ, మూరెడు అంతా చెప్పేశాను. ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక కంచం పక్కకు జరిపాడు.

"అబ్బీ, ఈడ గాలి ల్యాదు. నేనుండా. నాకు బంతి యాడ కావల్లో ఒక్కసారన్నా అడిగినావా?"

అడగలేదు. టవరన్ననే కాదు, కాలేజీలో ఆ మూడేళ్లూ ఏ స్మాషర్‌నూ అడగలేదు. అలా అడగవచ్చన్న సంగతే నాకు తోచలేదు. అప్పుడే అడిగాను. వలకు జానెడు ఇవతల, తన కుడి భుజానికి ఎదురుగా, మరీ ఎత్తు లేకుండా కావాలన్నాడు. మర్నాడు పొద్దున్నే మిగతా స్మాషర్ల దగ్గరికీ పోయి అడిగాను. ఒకడికి ఎత్తుగా కావాలి, ఒకడికి చటుక్కున కావాలి, ఒకడు ఏదిచ్చినా సర్దుకుంటానన్నాడు గానీ వాడే అందరికంటే పేచీకోరు. మా అమ్మ చర్చి విందులో వడ్డిస్తూ ఎవరికి పులుసు, ఎవరికి ముక్క అని మొహం చూసి పోల్చేస్తుంది. ఆ పద్ధతి పట్టాక నాకు పైకి చూసే తీరికే లేకపోయింది. చేతులు వెంటనే లొంగలేదు, నాలుగైదు రోజులు తూర్పుకు గుంజాయి. మెల్లగా మూర కాస్తా జానయింది, జాన కాస్తా బెత్తెడయింది. శిబిరం ఆఖరి రోజున ముగ్గురు లిఫ్టర్లలో మొదట బ్యాగు సర్దుకుని మంచం మీద కూర్చున్నవాణ్ని నేనే. కోచ్ సార్ తలుపు దగ్గర నిలబడి నా బ్యాగు వైపు చూశాడు.

"అదెందుకు? ఇక్కడే ఇరు" అన్నాడు (ఇరు అంటే అరవంలో ఉండు అని). వెళ్లబోతూ వెనక్కి తిరిగి, ఏసీ కూడా ఉంటుంది అన్నాడు.

సీజన్ ముగిశాక ఊరికి వచ్చాను. బస్సు దిగి సెంటర్లో తలెత్తి చూస్తే ఫ్లెక్సీ లేదు. అడిగితే, నువ్వు శిబిరానికి వెళ్లిన వారంలోనే గాలికి తెగి పడిందని చెప్పి, అది ఇప్పుడు మీ బావ మేకల పాక మీదుందన్నారు. అంటే శిబిరంలో నన్ను పట్టి పీడించిన ఆ ఫ్లెక్సీ అప్పటికే మేకలకు నీడ ఇస్తోందన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయంత్రం నా కోసమే చర్చి వెనక ఆట పెట్టారు. పాస్టర్ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, అమ్మ గోడ పక్కన నిలబడింది. బావ లుంగీ ఎగ్గట్టి సిద్ధంగా ఉన్నాడు. నాకు వచ్చిన మొదటి బంతిని ఎంతో ప్రేమగా, ఆయన కుడి భుజానికి సరిగ్గా ఎదురుగా లేపాను. బావ ఎగిరాడు. గాలి వచ్చి బంతిని పడమటికి తీసుకుపోయింది. బావ ఖాళీ గాలిని కొట్టి ఇసకలో బోర్లా పడ్డాడు. లేచి, మూతికంటిన ఇసక తుడుచుకుని, నన్నూ సముద్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

"సముద్రం యాడికి పోయిందనుకున్నావు రా?"

అందరికంటే ముందు నవ్వింది మా అమ్మే. ఆట అయ్యాక బావ వెంట వాళ్లింటికి కాఫీకి వెళుతూ మేకల పాక దగ్గర ఆగాను. ఫ్లెక్సీలో నా చెవి ఒకటి మేకలు తినేశాయి. మిగతాదంతా బాగానే ఉంది. ఆ కుర్రాడు చేతులెత్తి, తల వెనక్కి వాల్చి, ఎదుట ఎవరున్నారో పట్టనట్టు ఆకాశంలోకే చూస్తున్నాడు. వాడంటే నాకు ఇప్పటికీ ముద్దే. అక్క పిలిచేదాకా వాణ్ని చూస్తూ అక్కడే నిలబడ్డాను.