రూతు కళ్ళలో ఉన్నది కారం కాదు

పదేళ్ళు దాటింది, ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. పెద్ద వాక్యమేం కాదు. ఒక తల్లితో అన్నాను, ఎంతో జాలిగా, గొంతు తగ్గించి. విన్నవాళ్ళెవరైనా ఈ అమ్మాయిది వెన్నలాంటి మనసు అనుకుని ఉంటారు. అనుకున్నారు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. మెచ్చుకున్నారు, అందుకే మర్చిపోలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఇందులో వచ్చే తల్లి పేరూ కూతురి పేరూ మార్చాను. నా పేరు మార్చలేదు, అసలు రాయనే లేదు. నా ధైర్యం అంతవరకే.

అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, టీచరు ఉద్యోగం పరీక్ష రాసి, తప్పి, మళ్ళీ రాయడానికి చదువుతున్నాను. అద్దంకి వైపు ఒక ఊళ్ళో, చర్చి వరండాలో, బడికి వెళ్తున్నా చదవడం రాని పిల్లలకి సాయంత్రాలు చదవడం నేర్పే సెంటరు ఒకటి ఉండేది. అందులో కుదిరాను. పాఠం తప్పిన పిల్లలకి పరీక్ష తప్పిన టీచరు. జోడీ బాగానే కుదిరింది.

మిరప కోతల కాలంలో నా క్లాసు మీరు చూసి ఉండాల్సింది. బడి వదలగానే పిల్లలు తల్లుల దగ్గరికి చేలోకి పోయి కాయలు కోసేవాళ్ళు, కల్లాల్లో ఎండబోసిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరేవాళ్ళు, ఆ చేతులతోనే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. సబ్బుతో రుద్దినా ఆ మంట పోదు. గుమ్మం దగ్గర కొబ్బరినూనె సీసా పెట్టేదాన్ని. అందరూ చేతులకి నూనె రాసుకునే లోపలికి రావాలి. అయినా ఎవరో ఒకరు కళ్ళు నులుముకునేవాళ్ళు, పక్కవాడు తుమ్మేవాడు, ఇక వరండా అంతా అదే పాట. నా క్లాసులో ఏడవని పిల్ల లేదు. పాఠం అంతగా కదిలించేదనుకునేరు. అంతా కారం మహిమ.

అందుకే రూతు కళ్ళలో నీళ్ళు చూసి నేను ఏమీ అనుకోలేదు. మా వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎవరి కళ్ళలో నీళ్ళు చూసినా ఎవరూ ఏమీ అనుకోరు.

రూతు అప్పుడు ఐదో తరగతి. వాళ్ళమ్మ దీనమ్మ కూలికి పోయేది. ఆ పిల్లకి కథ ఒక్కసారి చెబితే చాలు, మర్నాడు పొల్లుపోకుండా అప్పజెప్పేది. నక్కకి ఒక గొంతు, మొసలికి ఒక గొంతు. మధ్యలో నా దగ్గునీ వదలకుండా చెప్పేది. అలాంటి పిల్లని బోర్డు మీద అక్షరం అడిగితే నోరు మూతపడేది. "దృష్టి పెట్టి చూడవే" అని రోజూ అనేదాన్ని. పుస్తకం చేతికిస్తే ముక్కుకి ఆనించుకునేది. మాకు శిక్షణలో చెప్పారు, పుస్తకం కంటికి మూరెడు దూరంలో ఉండాలని. నేను చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఆ పిల్ల మోచేతిని నేలకి ఆనించి, మూర కొలిచి మరీ పుస్తకాన్ని దూరం పెట్టేదాన్ని.

"ఏమే, వాసన చూస్తున్నావా? అందులో పులిహోర లేదు, పాఠమే ఉంది" అనేదాన్ని. పిల్లలందరూ నవ్వేవాళ్ళు. రూతు కూడా నవ్వేది. మూరెడు దూరంలో ఆ నవ్వు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. తీసుకెళ్ళి చిన్నపిల్లల వరసలో, అ ఆల దగ్గర కూర్చోబెట్టాను. తనకంటే సగం ఎత్తున్న పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది.

నిజం చెప్పాలంటే నాకు ఆ పిల్ల మీద కోపం ఉండేది కాదు. విపరీతమైన కుతూహలం ఉండేది. పేజీలకి పేజీల కథ గుర్తుపెట్టుకునే బుర్రలో ఒక్క 'క' ఎందుకు నిలవదు? అది ఎటు జారిపోతోంది? ఫోనులో దొరికిందల్లా చదివాను. చింతగింజలతో చాప మీద అక్షరాలు పేర్చాను. వేళ్ళతో తడిమి ఠక్కున చెప్పేసింది. నా పద్ధతి పనిచేస్తోందని పొంగిపోయాను. ఆ పిల్ల వంగితే ముక్కు గింజలకి తగిలేంత దగ్గరగా ఉన్నామన్న సంగతి నాకు తట్టనే లేదు.

నెలనెలా గుంటూరులో మా సెంటర్ల వాళ్ళందరికీ మీటింగు ఉండేది. ఒకసారి రూతు గురించి చెప్పాను. అందరూ ముందుకు వంగి విన్నారు. తర్వాతి నెల కోఆర్డినేటరే అడిగారు, "మీ రూతు ఎలా ఉందండీ?" అని. ఆ 'మీ' నాకు ఎంత నచ్చిందో! ఇలాంటి పిల్లతో ఇంత ఓపికగా ఉండడం మామూలు విషయం కాదన్నారు. పరీక్ష తప్పిన దగ్గర్నుంచీ నన్నెవరూ ఏ విషయానికీ మెచ్చుకోలేదు. రూతుకి చదువు రాకపోవడం వల్ల నాకో స్థానం వచ్చింది. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ చదివి చూసుకున్నాను. నిజమే.

ఏప్రిల్ ఆఖరుకి కల్లాలు ఖాళీ అయ్యాయి. పిల్లల కళ్ళు తేటపడ్డాయి. రూతు కళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి. ఇదేమిటి, కారం అయిపోయింది కదా? ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక ఊరికే అన్నాను, "గోడ మీద ఆ బల్లి చూడవే, ఎంతుందో."

"ఏ గోడ మీద మేడం?" అంది.

ఆ వరండాకి ఉన్నది ఒకటే గోడ. తమాషా చేస్తోందనుకున్నాను. మొహం చూస్తే తమాషా లేదు. కథల పుస్తకం ఒకటి తీసి చేతిలో పెట్టాను.

"నీ ఇష్టం వచ్చినట్టు పట్టుకుని చదువు."

"మూరెడు దూరం వద్దా?"

"వద్దు."

ముక్కుకి ఆనించుకుంది. చదివింది. తడుముకుంటూ కాదు, వాగు పారినట్టు. పేజీ అయిపోతే నేను చెప్పకుండానే తిప్పింది. తిప్పి, పైకి ఏమీ చదవకముందే కిలకిలా నవ్వింది. ఆ పేజీలో ఒక జోకు ఉంది. చదివితే తప్ప నవ్వు రాదు.

"ఎప్పుడు నేర్చుకున్నావే ఇదంతా?"

"కల్లంలో ఎరువుల గోతాలు పరుచుకుని పడుకుంటాం కదా మేడం. వాటి మీద పెద్ద పెద్ద అక్షరాలు ఉంటయ్. బుగ్గకి ఆనతయ్. మీరు ఇక్కడ చెప్పినయ్యి అక్కడ వెతుక్కునేదాన్ని."

నేను నేర్పింది నా ఎదుట తప్ప మిగతా అన్నిచోట్లా నేర్చుకుందన్నమాట. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఉత్తుత్తిది కాదు. దయచేసి నమ్మండి. పిల్లని ఎత్తుకుని తిప్పాలనిపించింది. ఎరువు గోతాల మీద మొలిచిన చదువు! ఎంత వింత! ఎలా కలిపి ఉంటుంది గుణింతాలు? ఒత్తులెలా పట్టుకుంది? ఇంకా ఎన్ని అడగాలి!

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చే వారమే మీటింగు. నేను ఏడాదంతా కథలు కథలుగా చెప్పిన పిల్లకి కావలసింది ఒక జత కళ్ళద్దాలు. ఇంత ఓపిక పట్టిన మనిషికి ఆ పాటి తెలియలేదా అని ఒక్కరైనా అంటారు. దూరదృష్టి లేనిది ఆ పిల్లకా, నాకా?

"రూతూ, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఎవ్వరికీ చెప్పకు, మీ అమ్మకి కూడా. ఒక రోజు అందరి ముందూ నీచేత చదివిస్తాను" అన్నాను. తల ఊపింది. ఎంత మురిసిపోయిందో! నా ఉద్దేశం మీకూ అర్థమయ్యే ఉంటుంది. నెలకి కొంచెం కొంచెంగా, చింతగింజల పద్ధతిలో, నా చేతి చలవ వల్లే దానికి చదువు వచ్చినట్టు చూపించాలని.

ఆ వారంలోనే దీనమ్మ వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, నెత్తికి గుడ్డ అలాగే ఉంది. రూతు దూరంగా, చర్చి గేటు దగ్గర పంపు కింద కాళ్ళు కడుక్కుంటోంది.

"టీచరమ్మా, దీనికి ఐదు అయిపోయింది. ఇంక పెద్దబడికి ఆటోలో పంపాల. పొన్నూరులో మా చెల్లెలు పసిదాన్ని చూసుకోడానికి దీన్ని పంపమంటంది. నాకా చదువు తెలవదు. మీరు నిజం చెప్పండి. దీనికి చదువొస్తదా, రాదా? వస్తదంటే ఏదో తిప్పలు పడి పంపుతా. రాదంటే ఊరికే బడికి తిప్పి పిల్లని నవ్వులపాలు చెయ్యడం దేనికి?"

ఇంత సూటి ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. జవాబు నాకు తెలుసు. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నాకు తెలుసు.

"దీనమ్మగారూ, పిల్ల బంగారం" అన్నాను. "చదువు విషయంలో మాత్రం... దాన్ని ఇబ్బంది పెట్టకండి."

దీనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అందరూ మొద్దు మొద్దు అని తిట్టినోళ్ళే గానీ, ఇంత నెమ్మదిగా ఎవరూ చెప్పలేదమ్మా" అంది.

గేటు దగ్గర రూతు కాళ్ళు కడుక్కోవడం ఆపి మావైపే తిరిగి నిలబడి ఉంది. అంత దూరం నుంచి నా మొహం దానికి కనబడదు. ఆ సంగతి నాకు కొత్తగా తెలిసింది. తెలుసు కాబట్టే ఆ మాట అనగలిగాను. ఇన్నేళ్ళలో తిప్పి తిప్పి చూసుకుంటే, నేను చేసిన పనిలోకెల్లా నీచమైంది అబద్ధం కాదు. ఆ చిన్న లెక్క.

మాట వినబడిందో లేదో నాకు తెలియదు. దాని చెవులు మాత్రం పాముచెవులు. వినబడి ఉంటే పరిగెత్తుకొచ్చి "నేను చదివాను కదా మేడం" అని ఎందుకు అనలేదు? ఎవ్వరికీ చెప్పొద్దన్నాను కదా. మాట నిలబెట్టుకుంది.

మీటింగు అయిపోయాక దీనమ్మకి నిజం చెబుదామనుకున్నాను. నేను మీటింగు నుంచి తిరిగొచ్చేసరికి రూతు పొన్నూరు వెళ్ళిపోయింది. ఆ తర్వాతి మీటింగులో ఏం చెప్పానో కూడా చెప్పనా? "కుటుంబ పరిస్థితుల వల్ల మానేసిందండి" అన్నాను. అందరూ అయ్యో అన్నారు.

ఉపకారమన్నా అపకారమన్నా రెండిట్లోనూ కారం ఉంటుంది. మా ప్రాంతంలో అది తప్పించుకోలేం. కానీ ఏది ఏదో తెలిసి కూడా పేరు మార్చి వడ్డించడాన్ని ఏమంటారో నాకు మాట దొరకలేదు. ఎందుకు చేశాను? ఒక మెప్పు కోసమా? అంత చౌకగానా? ఒక్కోసారి అనిపిస్తుంది, రూతుకి చదువు రాదన్నది నాకు వచ్చిన ఒకే ఒక్క పాఠం, దాన్ని వదులుకోలేకపోయానని. ఇంకోసారి, ఇదంతా ఇంత లోతుగా తవ్వుకోవడం కూడా మెప్పు కోసమేనేమో అనిపిస్తుంది. నన్ను నేను నమ్మడం మానేశాను. చూస్తూ మాత్రం ఉన్నాను.

టీచరు ఉద్యోగం రాలేదు. ఈ పనిలోనే ఉండిపోయాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి నేనే శిక్షణ ఇస్తాను. అక్షరం చూపించే ముందు కళ్ళు చూడండి, పిల్లలు పుస్తకం ముక్కుకి ఆనించుకుంటే లాక్కోకండి అంటాను. "మీకెలా తెలిసింది మేడం?" అని అడుగుతారు. అనుభవం అంటాను. అబద్ధమేం కాదు. ఎవరి అనుభవమో చెప్పను, అంతే.

కొన్నేళ్ళ క్రితం చెప్పేద్దామనే దీనమ్మ ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేసింది, టీ పెట్టింది. "మీరు ఆనాడు నిజం చెప్పబట్టి పిల్ల సుఖపడింది" అంది. రూతు పొన్నూరులోనే బట్టల కొట్టులో చేస్తోందట. "ఫోను మాత్రం మొహానికి అతికించుకుంటది. ఎంత తిట్టినా వినదు." నోటి దాకా వచ్చింది. టీతో పాటు మింగేసి, సగం మాటే పైకి తీశాను. "ఒకసారి కళ్ళు చూపించండమ్మా" అన్నాను.

చూపించారు. రూతు ఊరికి వచ్చినప్పుడు తీసుకెళ్ళారట. అద్దాల కోసం అద్దంకే వెళ్ళారు. దీనమ్మ ఫోను చేసి ఒకటే సంబరం. "చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటయ్యా అమ్మా అని అడుగుతందమ్మా! మిమ్మల్ని ఆ దేవుడే పంపాడు" అంది. ఆ ఫోను పెట్టేశాక చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చున్నాను. చేసిన తప్పుకి ఇంతవరకు నాకు దొరికింది మూడుసార్లు కృతజ్ఞత. శిక్ష ఇలా కూడా ఉంటుందని నాకు తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. దీనమ్మకి ఇంకా చెప్పలేదు. చెబుతానని మాట కూడా ఇవ్వను, నా మాటల సంగతి మీకు తెలిసింది కదా. కానీ ఇది రాస్తుంటే ఏదో కొంచెం సడలింది. ఆనాడు దీనమ్మకి ఇవ్వాల్సిన జవాబు మొదటిసారి ఒక కాగితం మీద నా కళ్ళ ఎదురుగా ఉంది.

ఇది అచ్చయితే పొన్నూరులో రూతు కంట పడొచ్చు. పేర్లు మార్చినా గోతాల దగ్గరికి వచ్చేసరికి పోల్చుకుంటుంది. పడితే చదువుతుంది. చదవగలదు.

ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు కూడా తెలుసు.