నెల తప్పిందని ఎవరికీ చెప్పలేదు

ఆ రోజు చాట నా ఒడిలో నిలవలేదు. తునికాకు, తంబాకు పెట్టుకున్న చాట ఎంత సర్దుకున్నా మోకాళ్ల మీదికి జారుతోంది. చూస్తే నా కడుపే దాన్ని ముందుకు నెడుతోంది. పక్కన బీడీలు చుడుతున్న రాజవ్వ అది చూసి నవ్వింది.

"ఏందే పద్మా, కడుపు గిట్ల ముందుకొచ్చింది? మీ ఆయన ఎప్పుడొచ్చి పోయిండే?"

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఒళ్లంతా చెమట పట్టింది. మా ఆయన దుబాయి పోయి ఏడాది దాటింది. నాకేమో కొన్ని నెలలుగా నెలసరి రావడం లేదు.

నేను ఏ తప్పూ చేయలేదు. ఆ సంగతి నాకు తెలుసు, దేవుడికి తెలుసు. కానీ ఆర్మూర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లకు దేవుడి సాక్ష్యం చాలదు. దుబాయి పోయినవాడి భార్య కొత్త చీర కట్టినా చెవులు కొరుక్కుంటారు. కడుపు పెరిగితే వదులుతారా?

మా ఇంట్లో నెలసరి వస్తే మూడు రోజులు వంటింట్లోకి పోకూడదు. వసారాలో వేరే చాప మీద కూర్చోవాలి, అత్తమ్మే అన్నం తెచ్చి పెడుతుంది. భయంలో నాకు తోచిన ఉపాయం అదొక్కటే. నెలసరి రాకపోయినా, రావాల్సిన రోజుల్లో నేనే పోయి ఆ చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాను. అత్తమ్మ ఎప్పటిలాగే అన్నం తెచ్చి పెట్టేది. నమ్మిందనుకున్నాను.

నాకు మాత్రం కడుపులో గడ్డ పెరుగుతోందేమో, ఏ రోజు ప్రాణం పోతుందో అనిపించేది. గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. మెడ చుట్టూ నలుపు తేలింది. పసుపు పండే ఊళ్లో పసుపుకు కొదవా? చర్మం మంట పుట్టేదాకా రుద్దాను, నలుపు పోలేదు. ఒళ్లు పెరుగుతోందని రాత్రి అన్నం మానేశాను, అయినా తగ్గలేదు. దవాఖానకు పోదామంటే, డాక్టరు మొదట అడిగేది నెలసరి గురించే కదా! అందుకే పోలేదు.

ఒక పొద్దున బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాలో నిలబడి ఉండగా రక్తం మొదలైంది. నిజం చెప్తున్నాను, సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. కానీ అది ఆగలేదు. వారం దాటినా గడ్డలు గడ్డలుగా పోతూనే ఉంది. చివరికి బావి దగ్గర కళ్లు తిరిగి పడిపోతే అత్తమ్మ ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది.

"నెలనెలా సరిగ్గా వస్తుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "మంచిగనే అయితది డాక్టరమ్మా. నెలనెలా మూడొద్దులు బయట కూసుంటది."

నేను తల దించుకున్నాను. యూరిన్ టెస్ట్ చేశారు. ప్రెగ్నెన్సీ లేదని నర్సు చెప్పగానే అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది. తర్వాత స్కాన్ తీశారు. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"నెలనెలా వచ్చేవాళ్లకు గర్భసంచి లోపలి పొర ఇంత మందంగా ఉండదమ్మా. నిజం చెప్పు."

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అత్తమ్మ ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది.

"నాకెర్కనే బిడ్డా. తీగ మీద నీ ముట్టుబట్టలు ఆరలే. అడిగితె నువ్వేం చెప్తవో అని నాకు భయమైంది. గీమె ముంగట నీ ఇజ్జత్ పోవద్దని గట్ల చెప్పిన."

ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయాన్ని దాచుకుని తిరిగామన్నమాట.

డాక్టరమ్మ తిట్టలేదు. "కొవ్వంటే ఊరికే పడి ఉండేది కాదు. అది కూడా హార్మోన్లు తయారుచేస్తుంది. నీకు ఈస్ట్రోజెన్ ఎక్కువై పొర పెరుగుతూనే ఉంది. అండం విడుదల కావడం లేదు కాబట్టి ఆ పొర నెలనెలా రాలడం లేదు. మెడ నలుపు మురికి కాదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని గుర్తు. దీన్ని పీసీఓడీ అంటారు. బయాప్సీ చేయాలి, క్యాన్సర్ లేదని తేలాలి."

క్యాన్సర్ అన్న ఆ ఒక్క మాట తప్ప మిగతావేవీ నా చెవికెక్కలేదు.

పొర ముక్క తీసి నిజామాబాద్ ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు రాకముందే మా ఆయన నుంచి ఎస్టీడీ బూత్‌కు ఫోనొచ్చింది. ఊరి మాట దుబాయి దాకా పోయింది. "ఏందో ఇనవడుతుంది పద్మా, నిజమేనా?" అన్నాడు. అత్తమ్మ రిసీవర్ గుంజుకుంది.

"బిమారైంది నీ పెండ్లానికి. ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. నీకు చెప్పినోనికి దమ్ముంటె నాతోని మాట్లాడమను!"

ఆయన "పద్మకియ్యి ఫోను" అన్నాడు. నేను తీసుకుంటే ఆయన కూడా ఏడుస్తున్నాడు.

రిపోర్టులో హైపర్‌ప్లేసియా, అంటే పొర అతిగా పెరిగిందని వచ్చింది. "క్యాన్సర్ కాదు. ఇట్లాగే వదిలేస్తే అటువైపు పోవచ్చు" అంది డాక్టరమ్మ. పొర రాలడానికి ప్రొజెస్టిరాన్, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి మెట్‌ఫార్మిన్ రాసింది, రోజూ నడవమంది. మెట్‌ఫార్మిన్‌తో వాంతులు, విరేచనాలు అయ్యాయి. ఎవరినీ అడక్కుండా మాత్రలన్నీ మానేశాను. మళ్లీ నెల రాలేదు, స్కాన్‌లో మళ్లీ పొర పెరిగింది. ఆ రోజు డాక్టరమ్మ గట్టిగానే తిట్టింది. మాత్ర తిండితో పాటు వేసుకోమని, డోసు తగ్గించి మొదలుపెట్టింది.

పనీ పాటా లేకుండా రోడ్డు మీద నడిస్తే జనం నవ్వుతారని నాకు సిగ్గు. అత్తమ్మ చెప్పులేసుకుని నాకంటే ముందే బయటికొచ్చి నిలబడేది. పొద్దున్నే గుట్ట దాకా ఇద్దరం పోయి వచ్చేవాళ్లం. బరువు మెల్లగా తగ్గింది. ఆ తర్వాత స్కాన్‌లో పొర మామూలుకొచ్చింది.

ఇప్పటికీ బీడీలే చుడుతున్నాను. కాసేపటికోసారి లేచి వాకిట్లో తిరుగుతాను. ఏ నెలైనా రెండు రోజులు ఆలస్యమైతే గుండె జారిపోతుంది, ఆ భయం పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ఆ భయాన్ని పట్టుకుని చాప మీద కూర్చోను, దవాఖానకు పోతాను.

చదివే అక్కాచెల్లెళ్లకు చెప్పేది ఒక్కటే. నెల తప్పితే చివరిసారి నెలసరి వచ్చిన తేదీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, వెంట ఎవరున్నా సరే. వాడకట్టుకు జవాబు చెప్పాలంటే ముందు మనం బతికి ఉండాలి కదా.