మిట్టెక్కని ఇంజను

నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. సైకిలు ఇంజను సంగతి చెబుతానంటే మొదట నవ్వింది. నవ్వనీ. ఆ ఇంజను దగ్గర నేను అనాల్సిన మాట ఒకటి అనలేదు. అనకపోతే ఏమైందో అదే చెబుతాను.

మా ఆయన శావల్యాపురం పక్కన రాళ్ళ క్వారీలో బండకు చిల్లులు వేసే మిషను పట్టేవాడు. ఇరవై ఏళ్ళు పట్టాడు. ఆ దుమ్మంతా లోపల చేరి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని నరసరావుపేట డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. క్వారీ పని మానమన్నాడు. ఈయన బయటికొచ్చి, సైకిలు తొక్కడం మానితే చాలంట అని నాకు చెప్పాడు. పక్కనే కూర్చుని విన్నదాన్ని నేను. అయినా సరేనన్నాను.

అప్పుడు పుట్టింది ఆ బండి. మా అమ్మాయికి బళ్ళో ఇచ్చిన సైకిలు ఇంట్లో ఊరికే పడి ఉంది. మిరప చేలకు మందు కొట్టడానికి వీపున తగిలించుకునే పెట్రోలు పంపు ఉంటుంది, మా వైపు తైవాన్ పంపు అంటారు. పాతది ఒకటి ఎవరో మూలన పడేస్తే అడిగి తెచ్చాడు. వినుకొండలో పంపులు బాగుచేసే మెకానిక్కు ఒకతను ఈయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలుస్తాడు. వాళ్ళిద్దరూ కూర్చుని పంపులోంచి ఇంజను ఊడదీసి సైకిలు వెనక చక్రం పక్కన ఇనప పట్టీలతో బిగించారు. ఒక వైపు ఇంజను చైను, రెండో వైపు కాళ్ళతో తొక్కే చైను.

అది ఆడపిల్లల సైకిలు. మధ్యలో రాడ్డు ఉండదు, ముందు బుట్ట ఉంటుంది. క్వారీలో మగాళ్ళు ఊరుకుంటారా. "ఏంది బావా, బడికి పోతన్నావా? జడలేసుకోలేదే" అన్నారట. ఆయనే ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. నేను నీళ్ళిచ్చాను.

ఊరి నుంచి క్వారీ దాకా దారి చదునుగానే పోతుంది. చివర్లో మిట్ట ఉంది. లారీలు తిరిగి తిరిగి గుల్ల చేసిన కంకర దారి అది. మిట్ట పైన ఒక మలుపు. ఆ మలుపు తిరిగితేనే క్వారీ వాళ్ళకు మనిషి కనపడతాడు. అక్కడి నుంచి మళ్ళీ చదునే.

మొదటి రోజే ఇంజను మిట్ట మొదట్లో ఆగిపోయింది. ఆయన దిగి నెట్టుకుంటూ పోయి, పైన అరగంట కూర్చున్నాడట. రెండో రోజు నేను పుల్లలకని వంక పెట్టి ముందే వెళ్ళి మిట్ట కింద కూర్చున్నాను. ఆయన వచ్చాడు. ఇంజను ఏడుస్తుంటే సీటు వెనక రెండు చేతులూ ఆనించి తోశాను. మలుపు దగ్గర చేతులు తీసేశాను. ఆయన ఒక్కడే బర్రుమంటూ మలుపు తిరిగి పోయాడు. నేను సర్కారు కంప చాటున నిలబడి ఊపిరి తీసుకుని, నాలుగు పుల్లలు ఏరుకుని దిగాను.

పదకొండు నెలలు అట్లా తోశాను. ఆ సంగతి మేమిద్దరం ఇంట్లో మాట్లాడుకున్నది ఒక్కసారే. క్వారీ మేస్త్రికి తెలిస్తే పనికి రావద్దంటాడు, ఎవరితోనూ అనొద్దు అన్నాడు. పనికి వద్దంటే ఈయన మంచం దిగడని నాకూ తెలుసు. అననన్నాను.

ఆయన పోయాక పెద్దకర్మ నాడు క్వారీ వాళ్ళందరూ వచ్చారు. అన్నాలు తిని, చేతులు కడుక్కుంటూ వాళ్ళంతా ఒకటే మాట. ఊపిరాడకపోయినా ఆఖరు దాకా ఒక్కడే మిట్టెక్కి వచ్చాడు, ఆ ఇంజను గట్టిది, మనిషి ఇంకా గట్టోడు అని. నేను లోపల మూలన కూర్చుని విన్నాను. విని, అదే నిజమైతే బాగుండుననిపించింది. కొంతసేపటికి నిజమేననిపించింది కూడా.

తర్వాత మేస్త్రే నాకు పని చూపించాడు. ఊళ్ళో ఇళ్ళ నుంచి పద్నాలుగు క్యారేజీలు తీసుకుని, మధ్యాహ్నం తిండివేళకు క్వారీకి చేర్చడం. నేను ఆ సైకిలే తీశాను. మిరప కోతకు పోయే ఆడవాళ్ళలాగా చీర మీద ఆయన చొక్కా తొడుక్కుని, బుట్టలో కొన్ని, హ్యాండిలుకు కొన్ని, వెనక చెక్కపెట్టెలో మిగతావి పెట్టుకుని పోయేదాన్ని. చదును దాకా ఇంజను లాగేది. మిట్ట దగ్గర దిగి నెట్టుకుంటూ ఎక్కేదాన్ని. తోయడం నాకు అలవాటే గదా.

క్వారీలో మధ్యాహ్నం బండకు మందు పెట్టి పేలుస్తారు. అంతకు ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి మిట్ట దిగి వచ్చి దారి మూసేస్తాడు. జెండా వచ్చిందంటే గంటన్నర దాకా పైకి ఎవరూ పోకూడదు. జెండా దిగే లోపల నేను పైన ఉంటేనే వాళ్ళు రేకుల షెడ్డులో కూర్చుని తింటారు. మొన్న ఎండాకాలం పేల్చే వేళ అరగంట ముందుకు జరిపారు. ఇళ్ళల్లో అన్నం అంత తొందరగా ఉడకదు. ఆడవాళ్ళకు చెప్పి చూశాను, ఒకరిద్దరు విన్నారు. రెండుసార్లు నేను మిట్ట మీద ఉండగానే జెండా దిగింది. పైన మగాళ్ళు ఎండిన నోళ్ళతో కూర్చున్నారు. మూడోసారి ఇట్లా అయితే క్యారేజీలు ఆటోకు ఇస్తానని మేస్త్రి కబురు చేశాడు. తప్పు పట్టలేదు నేను.

అందుకే వినుకొండ పోయాను. మిట్ట మీద లాగట్లేదు తమ్ముడూ, లాగేటట్టు చెయ్యమన్నాను. మెకానిక్కు ఇంజను తిప్పి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"ముందు నుంచీ ఎక్కేది కాదా వదినా, ఇప్పుడే ఎక్కట్లేదా?"

నోటి దాకా వచ్చింది. కొట్టులో ఇంకో ఇద్దరు రైతులు పంపులు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన మా ఊరి పక్కాయనే.

"ముందు ఎక్కేది" అన్నాను.

"అదేగా. అన్న ఒక్కడే తోలుకుంటా పోయేవోడని క్వారీ వోళ్ళంతా అంటారు. అయితే పికప్ పోయింది. బోరు అరిగింది. నే చూస్తాలే, ఇమానంలాగా పోద్ది."

నాలుగు రోజులు ఉంచుకున్నాడు. నేను రోజూ పోయి ఎదురుగా కూర్చున్నాను. పిస్టన్ తిరిగే గొట్టం లాంటిదాన్ని బోరంటారు. దానికి పొగ బయటికి పోయే కంత ఉంటుంది. ఆ కంతను ఆకురాయితో రాసి వెడల్పు చేశాడు. పొగ ఎంత తొందరగా పోతే ఇంజను అంత తొందరగా తిరుగుతుందన్నాడు. బోరు కింద ఉండే పల్చటి రేకు తీసేశాడు. మోపెడ్డు నుంచి ఊడదీసిన పెద్ద కార్బురేటర్ పెట్టాడు. ఆకురాయి కిందికి రాలిన పొడి నల్లగా, మెత్తగా ఉంది. చాలు తమ్ముడూ అని రెండుసార్లు అన్నాను. నీకు తెలవదులే వదినా అన్నాడు. నిజమే, నాకు ఇంజను తెలియదు. కానీ మిట్ట తెలుసు. దాని మీద తొందర పనికిరాదు, నిదానంగా ఒత్తే బలం కావాలి. అది నా మోచేతులకు తెలుసు. ఎట్లా తెలుసంటే ఏం చెప్పను?

చదును మీద బండి ఎగిరింది. ఎదురొచ్చిన గేదెలు బెదిరాయి. నాకే భయమేసి రేసు తగ్గించాను. మిట్ట దగ్గరికొచ్చేసరికి వేగం పడిపోయింది. వేగం పడిపోతే దానిలో పాత బలం కూడా లేదు. దగ్గి ఆగిపోయింది. ఆ రోజు పరుగుపరుగున నెట్టి ఎట్లాగో జెండా కంటే ముందు చేరాను.

మరునాడు కింద నుంచే ఉరికించాలనుకున్నాను. రేసు మొత్తం తిప్పి మిట్టకు ఎదురు పోయాను. సగం దాకా ఎక్కింది. ఎక్కుతోందని నవ్వొచ్చింది కూడా. అంతలో లోపల టక్కుమని ఏదో విరిగింది. వెనక చక్రం పట్టేసింది. నేను, సైకిలు, పద్నాలుగు క్యారేజీలు కంకర మీద పడ్డాం. ఎవరింటి పప్పో ఎవరింటి చారులో కలిసి లారీ గాడిలో పారింది. మోకాలు చూసుకోలేదు. మూతలు ఏరుతున్నాను. ఒక మూత దొర్లుతూ కిందికి పోతుంటే దాని వెనక పోయాను, ఆ ఒక్క మూత దొరికితే అన్నీ సర్దుకుంటాయన్నట్టు.

జెండా మనిషి దిగి వచ్చాడు. "అక్కా, లెగు. మందు పెట్టేశారు. కిందికి దిగాల" అన్నాడు. నన్నూ సైకిలునూ కిందికి నడిపించాడు. ఈలలు వినపడ్డాయి. భూమి కదిలింది. పైన పద్నాలుగు మంది ఆకలితో కూర్చున్నారు, కింద నేను ఖాళీ క్యారేజీలతో కూర్చున్నాను. చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. చీమలు మాత్రం వచ్చాయి.

మేస్త్రి తిట్టలేదు. తిడితే బాగుండేది. దెబ్బ తగిలిందా అక్కా అని అడిగి, ఆటో వాడితో మాట్లాడుకున్నామని మెల్లగా చెప్పాడు.

మెకానిక్కు బోరు విప్పాడు. కంత మరీ వెడల్పయి, పిస్టన్ మీది రింగు అందులోకి జారి విరిగిందట. ముక్క బోరంతా గీరేసింది. గోరు పెట్టి చూడమంటే చూశాను, చాళ్ళు పడి ఉన్నాయి. ఆ రకం పంపుకు బోర్లు ఇప్పుడు రావడం లేదన్నాడు. అప్పుడు కొట్టులో మేమిద్దరమే ఉన్నాం. చెప్పేశాను. అది ఎప్పుడూ మిట్టెక్కలేదని, మీ అన్న వెనక నేనే తోసేదాన్నని. ఆయన పోయాక ఆ మాట మొదటిసారి నోటి నుంచి వచ్చింది.

అతను చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు.

"ఆ రోజే చెప్తే ఎనక పళ్ళ చక్రం పెద్దది ఏసేవోణ్ణి గదా వదినా. నిదానంగా ఎక్కేది. ఇంజన్ని ముట్టుకునేవోణ్ణే కాదు."

చైను పట్టి తిరిగే పళ్ళ చక్రం. దానికి కొత్త ఇంజను అక్కర్లేదు, ఆకురాయి అక్కర్లేదు. నేనొక్క మాట అంటే సరిపోయేది. ఎవరితోనూ అనొద్దని మాత్రం వేడుకున్నాను. అననన్నాడు. నేనూ ఒకప్పుడు అట్లాగే అననన్నాను.

ఇప్పుడు నాకు ఐదు క్యారేజీలు మిగిలాయి. పొద్దున్నే పొయ్యి వెలిగే ఇళ్ళవి, జెండాకు ముందే చేర్చగలిగేవి. ఇంజను చైను మెకానిక్కు తీసేశాడు గానీ, ఇంజను పట్టీలతోనే ఉంది. బరువు దండగ, తీసెయ్యవే అని ఊళ్ళో అంటారు. చదును మీద తొక్కుతాను, మిట్ట దగ్గర దిగి తోస్తాను. మలుపు దగ్గరికి రాగానే ఆగుతాను. కంప చాటున చొక్కా చేతితో మొహం తుడుచుకుంటాను. ఊపిరి సర్దుకునే దాకా నిలబడతాను. తర్వాత సైకిలెక్కి తొక్కుకుంటూ మలుపు తిరుగుతాను. షెడ్డులో నుంచి ఎవరో ఒకరు, ఇంజను ఆడకపోయినా ఒక్కదానివే తొక్కుకుంటా ఎక్కొచ్చావే అంటారు. "ఆ" అంటాను.